బడ్జెట్ మన ఇంటికి ఏ తేదీన వస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

బడ్జెట్ మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే మాట: "టీవీలో చెప్పింది ఒకటి, మా చేతికొచ్చింది ఒకటి." ప్రకటనకీ అమలుకీ మధ్య చాలా కాగితాలు నడవాలి. మన సంగతి ఏ కాగితం దగ్గర ఆగిందో తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది. కింది లెక్కలు, రేట్లు, ఫారాల పేర్లు అన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఉన్నవి.

ప్రశ్న: బడ్జెట్ వచ్చినప్పుడల్లా ధరలు తగ్గుతాయంటారు, మా నెల సరుకుల బిల్లులో మాత్రం తేడా కనపడదు. సబ్బులు, షాంపూల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దించారన్నారు. అంటే 13 శాతం తగ్గాలి కదా? కొట్టులో అంత తగ్గించడం లేదు. – ఒక గృహిణి, తెనాలి

మీ బిల్లులో ఉన్న సరుకుల్లో చాలావాటికి ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్‌తో నేరుగా సంబంధం లేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పటి నుంచి వాటి పన్ను రేట్లు తేల్చేది జీఎస్టీ కౌన్సిల్. అందులో కేంద్ర ఆర్థిక మంత్రితో పాటు రాష్ట్రాల మంత్రులూ ఉంటారు. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద పన్ను 5 శాతానికి దించింది 2025 సెప్టెంబరు 3 నాటి కౌన్సిల్ సమావేశం. అమల్లోకి వచ్చింది సెప్టెంబరు 22న.

ఇక 13 శాతం సంగతి. 118 రూపాయల షాంపూ సీసా తీసుకోండి. అందులో సరుకు ధర 100, పన్ను 18. పన్ను 5 అయ్యాక సీసా 105కి రావాలి. తగ్గింది 13 రూపాయలే, కానీ 118 మీద 13 రూపాయలంటే 11 శాతం. కాబట్టి పాత ఎమ్మార్పీని 1.18తో భాగించి 1.05తో గుణించండి. వచ్చిన అంకెకి దగ్గరగా ఉంటే కొట్టు ఆయన తప్పేమీ లేదు. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్ లాంటివాటికి ధర అలాగే ఉంచి బరువు పెంచిన కంపెనీలు ఉన్నాయి, అక్కడ రూపాయలు కాదు, గ్రాములు చూడాలి. లెక్క బొత్తిగా కుదరకపోతే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లు లేకపోతే ఫిర్యాదుకి బలం ఉండదు.

బియ్యం బస్తా మీద అంకె ఎప్పుడైనా గమనించారా? చాలా కొట్లలో 25 కిలోలు కాదు, 26 కిలోలు ఉంటుంది. 2022 జులై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోలు, అంతకన్నా తక్కువ ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతుంది, దాటితే పడదు. విడిగా తూచి ఇచ్చేదానికీ పడదు. అదే బియ్యం అయిదు కిలోల సంచుల్లో కొంటే పన్ను మీరే కడుతున్నారు. నలుగురున్న ఇంట్లో నెలకి ఒక బస్తా ఎలాగూ ఖర్చవుతుంది, పెద్ద బస్తానే మేలు.

నూనెది మరో దారి. పొద్దుతిరుగుడు, పామాయిల్ మనం ఎక్కువగా బయటి దేశాల నుంచే తెచ్చుకుంటాం, అందుకని వాటి మీద దిగుమతి సుంకం నేరుగా మూకుడులోకి వచ్చి పడుతుంది. ముడి నూనెల మీద ఆ సుంకం మొత్తంగా 5.5 శాతం ఉండేది. 2024 సెప్టెంబరులో 27.5కి పెంచారు, 2025 మే నెలాఖరులో 16.5కి దించారు. ఈ రెండూ బడ్జెట్‌లో చెప్పినవి కావు, నడి ఏడాదిలో ఇచ్చిన నోటిఫికేషన్లు. పోపు గింజల దగ్గర నుంచి లెక్క చూసుకునే ఇల్లాలు ఫిబ్రవరి ప్రసంగం కన్నా ఈ నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచడం మంచిది.

ప్రశ్న: నా జీతం ఏడాదికి 10.75 లక్షలు. 12 లక్షల దాకా పన్ను లేదన్నారని నిశ్చింతగా ఉన్నాను. కొన్న ఏడాది లోపే షేర్లు అమ్మితే 80 వేలు లాభం వచ్చింది. దానికి 16,640 కట్టాలంటున్నారు మా ఆడిటర్ గారు. అలాగే మా బావమరిది జీతం 12.85 లక్షలు. పది వేలు దాటినందుకు అరవై వేలు పోతాయా? – ఒక ఉద్యోగి, కరీంనగర్

ఆడిటర్ గారి లెక్క సరైనదే. 2025 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో 12 లక్షల దాకా ఇచ్చింది మినహాయింపు కాదు, రిబేటు. ఆదాయపు పన్ను కొత్త విధానంలో మినహాయింపు 4 లక్షల వరకే. ఆపైన 8 లక్షల దాకా 5 శాతం, 12 లక్షల దాకా 10 శాతం, 16 లక్షల దాకా 15 శాతం, ఇలా పెరుగుతూ పోయి 24 లక్షలు దాటితే 30 శాతం. ముందు పన్ను వేస్తారు, ఆదాయం 12 లక్షలు మించకపోతే ఆ పన్నుని 60,000 వరకూ మాఫీ చేస్తారు.

మీ జీతంలో స్టాండర్డ్ డిడక్షన్, అంటే జీతం మీద అందరికీ ఇచ్చే 75,000 తగ్గింపు పోతే 10 లక్షలు. దాని మీద పన్ను 40,000, అది రిబేటుతో సున్నా. షేర్ల మీద స్వల్పకాలిక లాభానికి మాత్రం వేరే ప్రత్యేక రేటు ఉంది, 20 శాతం. ఆ పన్నుకి ఈ రిబేటు వర్తించదు. 80,000 మీద 16,000, దాని మీద 4 శాతం సెస్సు 640. అమ్మే ముందు కొన్న తేదీ చూసుకుని ఉంటే బాగుండేది: ఏడాది దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం కింద ఏటా 1.25 లక్షల వరకూ పన్నే లేదు.

మీ బావమరిది గారు కంగారు పడనక్కర్లేదు. స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే ఆయనకి 12.10 లక్షలు. మామూలు లెక్కన పన్ను 61,500 అవుతుంది. కానీ 12 లక్షలు ఎంత దాటారో అంతకు మించి పన్ను వేయకూడదని నిబంధన ఉంది, దాన్నే మార్జినల్ రిలీఫ్ అంటారు. ఆయన దాటింది 10,000, కాబట్టి పన్ను 10,000, సెస్సుతో 10,400. ఈ వెసులుబాటు సుమారు 12.70 లక్షల ఆదాయం దాకా పనికొస్తుంది.

ఒక పొరపాటు చాలామంది చేస్తున్నారు. పన్ను సున్నా అని రిటర్ను వేయడం మానేస్తున్నారు. ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను లేకపోయినా రిటర్ను వేయాల్సిందే.

ప్రశ్న: అన్నదాత సుఖీభవకి ఫిబ్రవరి బడ్జెట్‌లోనే డబ్బు పెట్టామన్నారు. ఊళ్లో అందరికీ ఆగస్టులో పడింది, నాకు పడలేదు. రైతు సేవా కేంద్రంలో అడిగితే జాబితాలో పేరుందంటారు, బ్యాంకులో అడిగితే రాలేదంటారు. ఆ డబ్బు ఎక్కడికి పోయినట్టు? – ఒక రైతు, అనంతపురం జిల్లా

మీ కష్టం న్యాయమైనది. ఇద్దరూ చెప్పింది నిజమై కూడా డబ్బు రాకపోవచ్చు, అదెలాగో చూద్దాం.

బడ్జెట్‌లో రాసిన అంకె పెట్టెలో ఉన్న డబ్బు కాదు. ఇంతవరకూ ఖర్చు పెట్టవచ్చని సభ ఇచ్చే అనుమతి అది. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ ఫిబ్రవరి 28న సభ ముందుకొచ్చింది, మొత్తం 3.22 లక్షల కోట్లు. ద్రవ్య వినిమయ బిల్లు పాసైతే ఏప్రిల్ 1 నుంచి ఖర్చుకి దారి తెరుచుకుంటుంది. అప్పుడు కూడా శాఖ మార్గదర్శకాల జీవో ఇవ్వాలి, భూమి రికార్డులు చూసి అర్హుల జాబితా తేల్చాలి, ఆర్థిక శాఖ నిధుల విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. అందుకే ఫిబ్రవరిలో చెప్పినదానికి తొలి విడత ఆగస్టు 2న పడింది: రాష్ట్రానిది 5,000, పీఎం కిసాన్‌ది 2,000, కలిపి 7,000. ఏడాదికి వస్తుందనే 20,000లో కేంద్రం ఇచ్చే 6,000 కూడా కలిసే ఉంది, రాష్ట్రం వాటా 14,000. ఇది తెలియక 26,000 వస్తుందని లెక్క వేసుకుని అప్పు చేసినవాళ్లుంటే ఇబ్బంది పడతారు.

మీ విషయంలో పేరు జాబితాలో ఉందన్నారు గనుక అర్హత చిక్కు దాటినట్టే. మిగిలింది ఆధార్ సీడింగ్. ఇలాంటి డబ్బు ఖాతా నంబరు చూసి కాదు, ఆధార్ నంబరు చూసి పంపుతారు. మీ ఆధార్ ఏ బ్యాంకుకి ముడిపడి ఉందో బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర నమోదై ఉంటుంది, ఆఖరున ఏ బ్యాంకుకి ముడివేశారో అక్కడికే డబ్బు వెళుతుంది. ఎప్పుడో గోల్డ్ లోను కోసం ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి, అక్కడ వేలిముద్ర వేసినప్పుడు సీడింగ్ అటు మారి ఉండొచ్చు. అదే జరిగితే మీ డబ్బు ఆ గోల్డ్ లోను బ్యాంకు ఖాతాలో ఉంటుంది. ఖాతా మూతపడి ఉంటే డబ్బు వెనక్కి పోయి ఉంటుంది.

ఆధార్ సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' అని ఉంటుంది. ఆధార్ నంబరు, ఫోనుకొచ్చే ఓటీపీ ఇస్తే బ్యాంకు పేరు, యాక్టివా కాదా అన్నది కనపడుతుంది. ఇనాక్టివ్ అని వస్తే మీకు కావాల్సిన బ్యాంకుకి వెళ్లి ఆధార్ జిరాక్సు ఇచ్చి ఊరుకోకండి, అది కేవైసీ కిందికి పోతుంది. 'డీబీటీ (ప్రభుత్వ సాయం నేరుగా ఖాతాకి) కోసం ఆధార్ సీడింగ్' ఫారం అడిగి నింపండి, రసీదు తీసుకోండి. కొద్ది రోజులాగి మళ్లీ చూసుకుని, యాక్టివ్ అయ్యాక రైతు సేవా కేంద్రంలో అర్జీ పెట్టండి. భూమి ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉన్నవాళ్లకి ఈ తంతు పనికిరాదు. ముందు మ్యుటేషన్, అంటే భూమి రికార్డుల్లో పేరు మార్పిడి చేయించుకోవాలి.

తెలంగాణలో రైతు భరోసా ఎకరానికి పంటకి 6,000 చొప్పున ఇస్తారు. అక్కడ పాస్‌బుక్కు కొత్తగా వచ్చినవాళ్లు వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈవో) పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు ఇవ్వకపోతే పేరే చేరదు.

పథకం బతికి ఉందా లేదా అన్నది బడ్జెట్ పుస్తకాల్లోనే తెలుస్తుంది. ప్రతి పద్దుకీ నిరుటి అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా పక్కపక్కనే ఉంటాయి. ప్రసంగంలో చదివేది చివరి గడి. మీరు చూడాల్సింది మధ్య గడి: నిరుడు వంద పెట్టి నలభైకి సవరించారంటే ఈ ఏటి వంద మీద కూడా ఆశ తగ్గించుకోవాలి.

ప్రశ్న: అమ్మాయి పెళ్లికి బంగారం కొనాలి. బడ్జెట్‌లో సుంకం తగ్గిస్తారేమోనని ఆగుతున్నాం. ఆగడం మంచిదేనా? – ప్రొద్దుటూరు

ముహూర్తం దగ్గర పెట్టుకుని ఆగవద్దు. 2024 జులై 23 బడ్జెట్‌లో సుంకం 15 నుంచి 6 శాతానికి దించారు, మర్నాటి నుంచే అమలు. లక్ష రూపాయల దిగుమతి ధర మీద 9,000 తగ్గినట్టు. ఆ వారం కొన్నవాళ్లకి కలిసొచ్చింది. ఆ తర్వాత అంతర్జాతీయ ధర పెరుగుతూ పోయి ఆ తగ్గుదలని మింగేసింది. సుంకం మన చేతిలో లేదు, తరుగు మన చేతిలో ఉంది. 40 గ్రాముల హారానికి 18 శాతం తరుగంటే 7.2 గ్రాములు, 12 శాతమైతే 4.8 గ్రాములు. తేడా 2.4 గ్రాముల బంగారం. నాలుగు కొట్లు తిరిగి తరుగు, మజూరీ విడివిడిగా రాయించుకోండి. రాళ్ల బరువు తీసేశాకే తరుగు వేస్తున్నారో లేదో కాటా దగ్గర నిలబడి చూడండి. నగ మీద ఉండే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూశాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: రిటైర్ అయ్యాక వచ్చిన 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేశాను. వేరే పెద్ద ఆదాయం లేదు, అయినా టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) కోశారు. లక్ష దాకా కోయరని బడ్జెట్‌లో అన్నారు కదా? – రాజమహేంద్రవరం

లక్ష అన్నది ఏడాది మొత్తం వడ్డీకి. 30 లక్షల మీద 8.2 శాతమంటే మూడు నెలలకి 61,500, ఏడాదికి 2,46,000. లక్ష దాటింది గనుక 10 శాతం కోస్తారు. నాకు పన్ను పడదు, కోయవద్దని రాసిచ్చే 15హెచ్ ఫారం ఏప్రిల్ మొదటి వారంలోనే ఇచ్చి ఉంటే కోసేవారు కాదు. అది ఒక్కసారి ఇచ్చి వదిలేసేది కాదు, ఏటా ఇవ్వాలి, డబ్బున్న ప్రతి బ్యాంకులోనూ విడిగా ఇవ్వాలి. పోయిన డబ్బు ఎక్కడికీ పోలేదు. మీ పేరు మీద కోసిన పన్నుల పట్టిక 26ఏఎస్‌లో కనపడుతుందో లేదో చూసుకుని రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. ఇక వడ్డీ రేటు గురించి దిగులు వద్దు: చిన్న పొదుపుల రేట్లు మూడు నెలలకోసారి ప్రకటిస్తారు గానీ, మీరు వేసిన రోజు ఉన్న 8.2 శాతం అయిదేళ్లూ మారదు.

ప్రశ్న: అబ్బాయి అమెరికాలో ఎంఎస్ చదువుతున్నాడు. ఈ ఏడాది 25 లక్షలు పంపాలి. బ్యాంకువాళ్లు టీసీఎస్ (బయటి దేశానికి డబ్బు పంపేటప్పుడు ముందే వసూలు చేసే పన్ను) అంటున్నారు. ఎంత పోతుంది? – ఖమ్మం

టీసీఎస్ లేకుండా ఏడాదికి పంపగల పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి 7 లక్షల నుంచి 10 లక్షలకి పెరిగింది. బ్యాంకు లోను డబ్బుతో ఫీజు కడితే టీసీఎస్ అసలు లేదు. సొంత డబ్బయితే 2025-26లో 10 లక్షల పైన ఉన్న 15 లక్షల మీద 5 శాతం, 75,000. పరిమితి పాన్‌కి ఒకటి చొప్పున కాబట్టి, తల్లికి సొంత ఆదాయం, పొదుపు ఉంటే ఆమె ఖాతా నుంచి 10 లక్షలు పంపితే మీ పాన్ మీద పడేది 25,000 మాత్రమే. మీరు ఉద్యోగి అయితే ఆ కోతని 12బీఏఏ ఫారంలో రాసి ఆఫీసులో ఇవ్వండి, మీ జీతంలో కోసే టీడీఎస్‌ని ఆ మేరకు తగ్గిస్తారు, రిటర్ను దాకా ఆగనక్కర్లేదు. ఫీజు గడువు రోజున పరిగెత్తకుండా లోను మంజూరు పత్రం, యూనివర్సిటీ ఫీజు నోటీసు బ్యాంకుకి ముందుగా ఇవ్వండి. డబ్బు లోను ఖాతా నుంచి కాకుండా సేవింగ్స్ ఖాతాలోకి వచ్చి వెళితే దాన్ని సొంత డబ్బు కింద లెక్కేసే ప్రమాదం ఉంది.