పసుపు ఆకును చూసి తొందరపడకు

చి. అమ్మలూకి,

నీ పీహెచ్‌డీకి మొక్కల్లో ఇనుము లోపాన్నీ, కాడ్మియం అనే లోహం విషప్రభావాన్నీ కలిపి తీసుకున్నావని నిన్న మీ అమ్మ చెప్పింది. వింటుంటే ఎంత పొంగిపోయానో! ఫోన్ పెట్టేశాక మాత్రం దిగులు పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. గాజుసామాను ఆమ్లంతో కడుగు. ద్రావణం పీహెచ్ (ఎంత పుల్లగా ఉందో) రోజూ చూడు. మొలకలు పెంచే జెల్లీ, అదే అగర్‌లోనే కాస్తో కూస్తో ఇనుము ఉంటుంది కాబట్టి పళ్లెం మీద "ఇనుము లేదు" అని రాసుకున్నంత మాత్రాన లేనట్టు కాదు.

ఇక అసలు సంగతి. ఇనుము చాలకపోతే వేరు కణం చేతులు కట్టుకుని కూర్చోదు. ప్రోటాన్లు వదిలి చుట్టూ పుల్లబరుస్తుంది, ఫెర్రిక్ రూపంలోని ఇనుమును తాను పీల్చుకోగల ఫెర్రస్ రూపంలోకి మారుస్తుంది, ఐఆర్‌టీ1 అనే రవాణా ప్రోటీనుతో లోపలికి లాక్కుంటుంది. ఈ ప్రోటీనును 1996లో అరబిడాప్సిస్‌లో, అదే ల్యాబుల్లో ప్రయోగాలకు వాడే ఆ చిన్న మొక్కలో, గుర్తించారు. దీనిది ఎవరొచ్చినా తెరుచుకునే గుమ్మం. ఇనుముతోపాటు జింకు, మాంగనీసు, కోబాల్టు, చివరికి కాడ్మియం కూడా దూరిపోతాయి. అంటే ఇనుము ఆకలి ఎక్కువైన కొద్దీ విషానికి దారి పెరుగుతుంది. (వరి సంగతి వేరు. అక్కడ కాడ్మియం ఎక్కువగా మాంగనీసు కోసం ఉన్న ఎన్‌రాంప్5 అనే మరో రవాణా ప్రోటీను గుండా వస్తుంది.)

మా ల్యాబులో ఒక సీనియర్ ఇక్కడే దెబ్బతిన్నాడు. ఆయన దగ్గరున్న మ్యూటెంట్‌కి, అంటే ఒక జన్యువు చెడిన మొక్కకి, కాడ్మియం ఇస్తే మామూలు మొక్క కంటే ముందే పసుపెక్కేది. కాడ్మియం విషాన్ని విరిచే జన్యువు పోయిందని తీర్మానించి, ఆ జన్యువు వెంటపడ్డాడు. ఎంత కష్టజీవో! అర్ధరాత్రి దాకా ల్యాబులోనే ఉండేవాడు. కానీ ఆకుల్లో ఏ ఖనిజం ఎంత ఉందో ఒక్కసారైనా కొలవలేదు. ఆ పసుపు లేత ఆకుల్లోనే ఉంది. ఈనెలు పచ్చగా, మధ్య భాగం మాత్రం పాలిపోయి. ముసలి ఆకుల్లోంచి ఇనుము లేత ఆకులకు సులువుగా కదలదు కనుక, ఆ లోపం మొదట బయటపడేది అక్కడే. ఆయన నోట్‌బుక్కులో ఆ బొమ్మలు చక్కగా గీసి ఉన్నాయి, ఎవరమూ సరిగ్గా చదవలేదు. చాలా ఆలస్యంగా ఎవరో ఇనుము కాస్త పెంచి చూశారు. మ్యూటెంట్ మామూలు మొక్కలాగే పచ్చబడింది. దానికి చేతకానిది ఇనుము తీసుకోవడం. ఆ ఆకలితో తెరిచిన దారినే కాడ్మియం ఎక్కువగా వచ్చి చేరింది. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది. అలాంటి ముఖంతో నువ్వు కూర్చోవడం నేను చూడలేను తల్లీ.

కాబట్టి లోహం ఇచ్చిన ప్రతిసారీ ఇనుము ఎక్కువ, ఇనుము తక్కువ, రెండు వరుసలూ పెట్టు. వేళ్లలో, ఆకుల్లో ఇనుము, జింకు, మాంగనీసు, కాడ్మియం నాలుగూ కొలిపించు. మీ గైడు ఖర్చని అంటే నా మాటగా చెప్పు.

కణానికి ఈ ప్రమాదం తెలుసు, అది చూస్తే నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఇనుము చాలనప్పుడు ఐఆర్‌టీ1తోపాటు అరబిడాప్సిస్ వేళ్లు ఎంటీపీ3 అనే ఇంకో రవాణా ప్రోటీనును కూడా పెంచుకుంటాయి. అదనంగా దూరిన జింకును అది రిక్తికలోకి, అంటే కణంలోని నిల్వ సంచిలోకి, తోసేస్తుంది. కాడ్మియంకైతే మరో ఏర్పాటు ఉంది. కణంలో ఉండే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు నుంచి ఫైటోకెలాటిన్లనే గొలుసులు తయారై, లోహాన్ని పట్టి కట్టేసి రిక్తికలో పెడతాయి. గ్లూటాథయోన్‌కి గంధకం కావాలి. నీ ద్రావణంలో సల్ఫేటు తగ్గితే మంచి మొక్క కూడా కాడ్మియంకి తట్టుకోలేనట్టు కనిపిస్తుంది. దీన్ని పట్టించుకోకపోయావో, నాకు కోపం వస్తుంది.

నాకున్న పెద్ద భయం మాత్రం నీ గురించే. కాడ్మియం లవణం క్యాన్సర్ కారకం. పొడిని ఫ్యూమ్ హుడ్‌లోనే తూయి, గ్లవ్స్ లేకుండా సీసా ముట్టుకోకు, మిగిలిన ద్రావణం సింకులో పోయకు. పొడి తూచాల్సిన రోజు ఒంటరిగా ఉండకు. నీకు తొందరెక్కువ, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

విత్తనాలు వేసేలోపు నీ పోషక ద్రావణం పట్టిక నాకు పంపు. ఇనుమును కరిగి ఉంచడానికి కలిపే ఈడీటీఏ ఎంత వేస్తున్నావో తప్పక రాయి, అది కాడ్మియంను కూడా పట్టేసుకుంటుంది. చూసి ఆదివారం ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ