చపాట మిర్చి జీనోమ్ చదవబోయే ముందు

బిడ్డా,

నువ్వు మన వరంగల్ దిక్కు పండే, కారం తక్కువుండే చపాట మిర్చి జీనోమ్ మీద, అంటే దాని మొత్తం డీఎన్‌ఏ చదివే పని చేయబోతున్నావని తెలిసి చాలా సంతోషపడ్డాను. 2025లో ఆ మిర్చికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు పంట అన్న గుర్తింపు కూడా వచ్చింది. కానీ నీ ఉత్తరం నిండా డీఎన్‌ఏను ఏ మెషీన్ మీద చదివించాలన్న టెన్షనే ఉంది. ముందు మొక్క సంగతి చూడు.

మిరప పువ్వు తనకు తానే ఫలదీకరణ చెందగలదు గానీ, తేనెటీగలు పక్క చేను పుప్పొడినీ తెచ్చి కలిపేస్తాయి. మన దిక్కు ఇప్పుడు ఎటు చూసినా హైబ్రిడ్ మిర్చే. అందుకని నడికూడ, దుగ్గొండి వైపు ఏళ్లుగా సొంత విత్తనం దాచుకుంటున్న రైతును వెతుకు. మొగ్గ విచ్చకముందే గుడ్డ సంచి కట్టి, రెండు మూడు తరాలు అలాగే విత్తనం తియ్యి. ఏ ఒక్క మొక్క ఆకు నుంచి డీఎన్‌ఏ తీశావో, దాని విత్తనాన్నే భద్రం చెయ్యి.

మిరప జీనోమ్ చిన్నది కాదు. 2014లో కొరియా శాస్త్రవేత్తలు చదివిన మెక్సికో నాటు రకం సీఎం334లో సుమారు 350 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలున్నాయి. టమాటకు 90 కోట్లే. జన్యువుల సంఖ్యలో మాత్రం అంత తేడా లేదు. పెరిగిందంతా తమను తాము నకలు చేసుకునే డీఎన్‌ఏ ముక్కలే. ఒక్కో ముక్కలో 150 అక్షరాలే చదివే చిన్న రీడ్లతో ఆ నకళ్లలో ఏది ఎక్కడిదో తేలదు, వేల అక్షరాలు ఒకేసారి చదివే లాంగ్ రీడ్లే కావాలి. దానికి డీఎన్‌ఏ తెగకూడదు. మొక్కను ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచి, లేత ఆకులు కోసి వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వెయ్యి. పిపెట్ టిప్పు కొన కత్తిరించి వాడు, గొట్టాన్ని గిరగిరా కుదిపే వోర్టెక్స్ జోలికి వెళ్లకు. చదివిన ముక్కలను 12 క్రోమోజోములుగా పేర్చడానికి, కణంలో ఏ ముక్క దేనికి దగ్గరగా ఉందో చూపే హై-సీ పరీక్ష చేయించు.

ఒక్క జీనోమ్‌తో పరిణామం తెలియదు. మెక్సికో అడవి మిరప కాయ బఠాణీ గింజంత ఉంటుంది, పైకి నిలబడుతుంది, పండితే సులువుగా ఊడి వస్తుంది. పక్షులకు కారం తెలియదు కాబట్టి తిని విత్తనం చల్లుతాయి. దాన్నీ, మన గుంటూరు రకాలనూ చపాటతో పోల్చి చూస్తేనే మెక్సికోలో మారిందేమిటో, పోర్చుగీసువాళ్లు తెచ్చాక ఇక్కడ మారిందేమిటో విడదీయగలవు.

ఘాటు విషయంలో తొందరపడకు. కారం తయారవడానికి కావలసిన పన్1 జన్యువు పూర్తిగా చెడితే కారమే ఉండదు. చపాటలో కొంచెమైనా ఉంది కదా! అందుకే గింజలు అంటుకునే తెల్లని భాగం నుంచి, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పే ఆర్‌ఎన్‌ఏ తియ్యి, అదీ కాయ వేర్వేరు వయసుల్లో. పువ్వు విచ్చిన రోజే తేదీ రాసిన చీటీ కాడకు కట్టు, తర్వాత గుర్తుండదు.

ఆగస్టులో నాట్లు మొదలవుతాయి. ఈలోగానే వెళ్లి రైతులతో మాట్లాడు.

నీ పెద్దబాపు