సెవిచే సంగతి సరే, ఆ మాత్రలు ఎవరు రాసిచ్చారు?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, టెల్మిసార్టాన్ వాడుతున్నాను. గ్యాస్ కోసం రోజూ పొద్దున్నే పాంటొప్రజోల్ వేసుకుంటాను. వచ్చే నెల మా అమ్మాయి వాళ్లతో కలిసి పెరూ వెళ్తున్నాం. లిమాలో సుర్కియో మార్కెట్ చుట్టుపక్కల చిన్న హోటళ్లలో సముద్రపు చేపల వంటకాలు తక్కువ ధరకే దొరుకుతాయట. పచ్చి చేప ముక్కలను నిమ్మరసంలో కలిపి ఇచ్చే సెవిచే తినాలని నాకు చాలా ఆశ. నిమ్మరసంలో చేప ఉడికిపోతుందంటారు, నిజమేనా? చిన్న హోటల్లో తినవచ్చా, పెద్ద రెస్టారెంటుకే వెళ్లాలా? కడుపు పాడవకుండా మందుల దుకాణంలో అడిగి ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ మాత్రలు తీసుకున్నాను. అక్కడ దిగిన రోజు నుంచే పూటకొకటి వేసుకుందామని అనుకుంటున్నాను.
- ఒక పాఠకుడు, విజయవాడ

సలహా: సెవిచే గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మాత్రలు పెట్టెలోంచి బయటికి తీయండి. విరేచనాలు రాకముందే యాంటీబయాటిక్ మింగడం ముందుజాగ్రత్త కాదు. మామూలు ప్రయాణికులకు అలా వాడమని ఏ మార్గదర్శకాలూ చెప్పవు. పైగా మీ విషయంలో అదే ప్రమాదం. ఆఫ్లాక్సాసిన్ లాంటి మందులు గ్లిమిపిరైడ్ వాడేవాళ్లలో షుగర్‌ను ఒక్కసారిగా పడగొట్టగలవు. తెలియని ఊళ్లో, భాష రానిచోట, మధ్యాహ్నపు ఎండలో నడుస్తూ చెమటలు పట్టి కళ్లు తిరిగితే చేపే కారణమని మీరనుకుంటారు. అరవై దాటినవారిలో ఈ మందులకు మడమ వెనుక స్నాయువు దెబ్బతినే అవకాశం కూడా ఎక్కువ. ఇక ఆర్నిడజోల్ అమీబాకు, ఆ జాతి క్రిములకు వాడే మందు. లేని అమీబాకు మందెందుకు? అన్నిటికీ మించి, పెరూలో విరేచనాలకు తరచుగా కారణమయ్యే కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఆఫ్లాక్సాసిన్ తరగతి మందులకు చాలావరకు లొంగడం మానేసింది. దుకాణంలో అడగ్గానే ఇచ్చేస్తారు, నిజమే. ఇచ్చినవారికి మీ షుగర్ మాత్ర పేరు తెలుసా?

రెండోది పాంటొప్రజోల్. ఎవరు చెబితే, ఎంత కాలంగా వాడుతున్నారో మీరు రాయలేదు. ఎవరూ రాయరు, అదొక మందనే అనుకోరు. తిండితోపాటు లోపలికి వెళ్లే బ్యాక్టీరియాలో చాలావాటిని కడుపులోని ఆమ్లమే చంపుతుంది. కలరా క్రిమి అయితే ఆమ్లానికి ఇట్టే చస్తుంది. ఆ ఆమ్లాన్ని రోజూ మాత్రతో తగ్గించుకుని, పచ్చి చేప తినడానికి ఇంత దూరం వెళ్తున్నారు. మీరు అడిగిన ప్రశ్నలన్నిటికన్నా నాకు ఇదే ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. మాత్ర నిజంగా అవసరమా అని మీ డాక్టరును అడగండి. అల్సర్ ఉన్నా, ఆస్పిరిన్ వాడుతున్నా మానకూడదు. చాలాకాలం వాడి హఠాత్తుగా ఆపితే మంట తిరగబెడుతుంది. కాబట్టి ఇది చదివి రేపే మానేయకండి.

ఇప్పుడు నిమ్మరసం. చేప ముక్క తెల్లబడుతుంది, గట్టిపడుతుంది, చూడటానికి ఉడికినట్టే ఉంటుంది. మాంసకృత్తులు మారాయి గానీ వేడి తగలలేదు. పులుపు కొన్ని బ్యాక్టీరియాలను తగ్గిస్తుంది, బద్దెపురుగు పిల్లలను, అనిసాకిస్ అనే పురుగును నమ్మకంగా చంపదు. పెరూ తీరపు చేపల్లో బద్దెపురుగు ఉందని అక్కడి వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. దాన్ని చంపాలంటే చేపను మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు గడ్డకట్టించాలి, లేదా బాగా ఉడికించాలి. పూర్వం చేపను గంటల తరబడి నిమ్మరసంలో నానబెట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల మీరు అడిగాక ముక్కలు కోసి, నిమ్మరసం పిండి, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి నిమిషాల్లో పళ్లెంలో పెడతారు. రుచికి అదే మేలంటారు. క్రిముల లెక్కలో మాత్రం అది దాదాపు పచ్చి చేపే. గ్లాసులో ఇచ్చే ‘లెచే దె తిగ్రే’ను నిమ్మరసం అనుకుని తాగేయకండి. అందులో ఉన్నది ఆ చేప రసమే.

1991 జనవరిలో కలరా పెరూ తీరానికి వచ్చింది. ఆ ఒక్క ఏడాదే అక్కడ 3 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి, దాదాపు 3 వేల మంది చనిపోయారు. నింద సెవిచే మీద పడింది గానీ, శుద్ధి చేయని తాగునీటి పాత్ర తక్కువేమీ కాదు. తర్వాత 1997లో విబ్రియో పారాహీమొలిటికస్ అనే మరో సముద్రపు బ్యాక్టీరియా రకం పెరూలో చేపలు, రొయ్యలు తిన్నవారిని పట్టుకుంది. అంతకు ముందు ఏడాది దాన్ని మొదట గుర్తించింది మన కోల్‌కతాలో! ఇప్పుడు 1991 నాటి పరిస్థితి లేదు, అయినా నీటి సీసా మూత సరిగా ఉందో లేదో చూసుకోండి, పానీయాల్లో ఐసు ముక్కలు వద్దనండి.

చిన్నదా, పెద్దదా అన్నదానికి వైద్యుడి దగ్గర జవాబు లేదు. ధర కన్నా చేపను ఐసు మీద ఉంచారా అన్నది ముఖ్యం. పెరికో, బొనీతో లాంటి చవక చేపలను సరిగా చల్లగా ఉంచకపోతే హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది, అది నిమ్మరసానికీ పోదు, వంటకీ పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి, గుండెదడ వస్తాయి. చాలామంది దాన్ని ఎలర్జీ అనుకుంటారు. లిమాలో సెవిచే మధ్యాహ్న భోజనమే, చాలా దుకాణాలు సాయంత్రానికి మూసేస్తారు. పన్నెండు, ఒంటిగంట మధ్య, స్థానికులతో కిటకిటలాడే చోట, ఐసు మీద పెట్టిన చేపను కళ్లముందే కోస్తుంటే కొంత నయం. నాలుగింటికి మిగిలినదాన్ని తక్కువకిస్తామంటే వద్దు.

మీరు తినవచ్చా అంటే, మిమ్మల్ని పరీక్షించకుండా తినండి అని నేను రాయలేను. షుగర్‌తోపాటు కాలేయ జబ్బు ఉంటే పచ్చి ఆల్చిప్పలు ముట్టుకోకండి, విబ్రియో జాతి బ్యాక్టీరియా రక్తంలోకి చేరితే రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. నా మాట వింటే అదే హోటల్లో పొగలు కక్కే ‘పరిహువెలా’ అడగండి. చేపలు, పీతలు, రొయ్యలు కలిపి మరిగించిన కారపు పులుసు అది, మన నాలుకకూ నచ్చుతుంది. ‘సుదాదో’ కూడా ఉడికించిన చేపే. ఇంత చెప్పినా మీరు సెవిచే రుచి చూస్తారని తెలుసు.

కడుపు పాడైతే మొదట ఓఆర్‌ఎస్. ఇక్కడి నుంచే పొడి ప్యాకెట్లు తీసుకెళ్లండి, ఒక ప్యాకెట్ లీటరు శుభ్రమైన నీటిలో. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. వాంతులతో ఏమీ తినలేనప్పుడు గ్లిమిపిరైడ్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ కిడ్నీ విషయంలో ఇబ్బంది పెట్టవచ్చు. అలాంటి రోజున ఏది ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకుని వెళ్లండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, బియ్యం కడుగు నీళ్లలా విరేచనాలు ఆగకపోయినా గదిలో కూర్చుని మాత్రలు వెతక్కుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. విరేచనాలు తగ్గకుండా 3,400 మీటర్ల ఎత్తున్న కుస్కో నగరానికి విమానం ఎక్కవద్దు. అక్కడ తలనొప్పి వస్తే అది ఎత్తు వల్లా, నీరు తగ్గడం వల్లా అన్నది తేల్చడం కష్టం.

మీరు అడగని సంగతి ఒకటి. పెరూ నుంచి వచ్చేవారు ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం చూపాలని మన దేశం నిబంధన. వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది, లేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. అరవై దాటినవారిలో ఈ టీకాకు అరుదుగా తీవ్రమైన దుష్ఫలితాలు ఉంటాయి కాబట్టి ముందు డాక్టరుతో మాట్లాడాలి. గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వాటిలో ఒకటి. ప్రయాణం వచ్చే నెల అంటున్నారు, ఈ వారమే ఫోన్ చేసి తేదీ తీసుకోండి.