గేముల్లో గే, ట్రాన్స్ పాత్రలను బలవంతంగా ఇరికిస్తున్నారా?

ఇరికించినవి లేకపోలేదు. కానీ మీ ప్రశ్న చదివితే, అలాంటి పాత్ర కనిపించడమే ఇరికించడం అన్నట్టుంది. నేను గే. స్కూల్లో ఉన్నప్పటి నుంచీ గేములాడుతున్నాను. కొన్ని పాత్రలను చూస్తే నాకూ చిరాకే, కాకపోతే కారణం వేరు.

2017లో వచ్చిన మాస్ ఎఫెక్ట్: ఆండ్రోమెడా అనే గేమ్‌నే తీసుకోండి. ఇయోస్ గ్రహం మీద హేన్లీ ఏబ్రమ్స్ అని ఒక సైంటిస్టు. మొదటిసారి పలకరించి, ఇంత దూరం ఎందుకొచ్చావని అడిగితే చాలు, తాను ట్రాన్స్ అనీ, వెనక తన పాత పేరు ఫలానా అనీ గడగడా చెప్పేస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఎవరైనా అలా చెప్తారా? నాకో ట్రాన్స్ స్నేహితురాలు ఉంది. ఏళ్ళ పరిచయం, ఆమె పాత పేరు నాకు ఇప్పటికీ తెలీదు, నేనడగలేదు కూడా. ఆ సీన్ మీద ట్రాన్స్ ఆటగాళ్ళే గొడవ చేశారు. గేమ్ తయారుచేసిన బయోవేర్ కంపెనీ క్షమాపణ చెప్పి, నమ్మకం కుదిరాకే ఆ మాట వచ్చేలా అదే ఏడాది మార్చింది.

సైబర్‌పంక్ 2077 గేమ్‌లో క్లేర్ అనే పాత్ర దీనికి పూర్తిగా ఉల్టా. ఆఫ్టర్‌లైఫ్ బార్‌లో మందు పోస్తుంది, రేసులకెళ్తుంది. ఆమె ట్రక్కు మీద ట్రాన్స్ జెండా స్టిక్కర్ ఉంటుంది, చూసేవాడు చూస్తాడు, చూడనివాడు చూడడు. రేసులో చనిపోయిన భర్త డీన్ గురించి మాట్లాడుతూ తన సంగతి కూడా చెప్తుంది, అంతే. ఆమె బాధంతా డీన్ చావుకి కారణమనుకుంటున్న శాంప్సన్ మీదే. గొంతు ఇచ్చిన మ్యాడీ టేలర్ కూడా ట్రాన్స్ మహిళే.

నేను క్లేర్ రేసుల మిషన్ ఆడుతుంటే మా బాబాయి కొడుకు పక్కనే కూర్చున్నాడు. వాడు మామూలుగా స్క్వాడ్‌లో ఎవడైనా సరిగా ఆడకపోతే "తేడా గాడు" అని మైక్‌లో తిట్టే రకం (నా సంగతి అప్పటికి వాడికి తెలీదు లెండి). చివరి రేసులో శాంప్సన్ కారు బోల్తా కొట్టింది, క్లేర్ వాణ్ణి పట్టుకుందామంటోంది. నేను రేసు గెలుద్దామని ముందుకు పోయాను. మా తమ్ముడు నా మీద విరుచుకుపడ్డాడు: "అదేంటన్నా, పాపం ఆవిడ మొగుణ్ణి చంపినోడు కదా, వదిలేశావేంటి?" ఆమె ట్రాన్స్ అని వాడూ విన్నాడు, నా పక్కనే ఉన్నాడుగా. దాని గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. పాత్రకి సొంత గొడవ ఒకటి ఉంటే చూసేవాడు ఆ గొడవలో పడతాడు.

అలాగని ఆ గేమ్‌ని నెత్తిన పెట్టుకోను. అదే నగరంలో గోడల నిండా క్రోమాంటికోర్ అనే కూల్‌డ్రింక్ పోస్టర్లు, అందులో ట్రాన్స్ శరీరాన్ని వింత వస్తువులా చూపించారు. కంపెనీలు ఒంటిని అమ్ముకునే లోకాన్ని ఎత్తిచూపడానికే అని తయారుచేసినవాళ్ళు అన్నారు. కానీ ఊరంతా ఆ పోస్టరే కనిపించి, మనిషిగా కనిపించేది క్లేర్ ఒక్కతే అయితే తూకం ఎటుందో తెలుస్తూనే ఉంది. ఇంకోటి, మన పాత్రకి ఒళ్ళు ఎలా కావాలంటే అలా పెట్టుకోవచ్చు, కానీ మనల్ని అతడు అనాలా ఆమె అనాలా అన్నది ఎంచుకున్న గొంతును బట్టే. 2023లో బల్దుర్స్ గేట్ 3 ఈ ముడి విప్పేసింది, ఒళ్ళూ గొంతూ పిలుపూ దేనికది.

"ఇదంతా ఈమధ్యే మొదలైంది" అంటారు కొందరు. 1988లో సూపర్ మారియో బ్రదర్స్ 2 మాన్యువల్‌లోనే బర్డో అనే పాత్ర గురించి "తాను ఆడపిల్లననుకుంటాడు" అని రాశారు. అప్పుడది జోకు కాబట్టి ఎవరికీ ఇరికించినట్టు అనిపించలేదు.

మీరే ఆడి చూద్దామనుకుంటే సెలెస్ట్ (2018)తో మొదలుపెట్టండి. కొండెక్కే అమ్మాయి మాడెలిన్ కథ. ఆమె ట్రాన్స్ అని తయారుచేసిన మాడీ థార్సన్ 2020లో గానీ చెప్పలేదు, గేమ్‌లో ఒక గదిలో చిన్న జెండా కనిపిస్తుందంతే. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. కీబోర్డుతో వేళ్ళు నొప్పెడతాయి, కంట్రోలర్ ఉంటే మంచిది.