జుట్టు మాత్ర వేసుకుంటే థైరాయిడ్ రిపోర్టు తారుమారు

మీ ప్రశ్నలు, మా జవాబులు: హార్మోన్లు, మధుమేహం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే చిక్కు. రిపోర్టులో అంకె ఒకలా ఉంది, మనిషి ఇంకోలా ఉన్నారు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నాలుగేళ్లుగా 75 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్, మందు ఎక్కువైతే ఇది తగ్గుతుంది) ఎప్పుడూ 2, 3 మధ్యే ఉండేది. ఈసారి 0.05కి పడిపోయింది, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) ఎక్కువ వచ్చింది. మాత్ర 25కి తగ్గించమన్నారు. గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం ఏవీ లేవు. రెండు నెలలుగా జుట్టు రాలకుండా బయోటిన్ వాడుతున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉండే అవకాశం చాలా ఎక్కువ. మాత్ర తగ్గించే ముందు, బయోటిన్ సంగతి మీ డాక్టరుకు చెప్పి పరీక్ష మళ్లీ చేయించుకోండి.

బయోటిన్ అంటే బి7 విటమిన్. పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, అది మామూలు తిండిలోనే అందుతుంది. జుట్టు, గోళ్ల మాత్రల్లో 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాముల దాకా పెడుతున్నారు. సీసా మీద 10 మి.గ్రా. అని చిన్న అంకె కనిపిస్తే మోసపోకండి, అది 10,000 మైక్రోగ్రాములే. దీనివల్ల ఒంటికి పెద్దగా హాని లేదు. గొడవంతా ల్యాబ్ యంత్రంలోనే.

చాలా కిట్లలో హార్మోన్‌ను పట్టుకునే యాంటీబాడీకి బయోటిన్ తగిలించి, స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ పూసిన సూక్ష్మ గుళికలకు దాన్ని అతికిస్తారు. మీ రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే గుళికల మీద చోటంతా అదే ఆక్రమించేస్తుంది. టీఎస్‌హెచ్ పరీక్షలో సిగ్నల్ ఎంత ఎక్కువైతే హార్మోన్ అంత ఎక్కువని లెక్క. అతుక్కునేది తగ్గింది కాబట్టి అంకె పడిపోతుంది. ఫ్రీ టీ4, టీ3 పరీక్షల్లో లెక్క దీనికి తలకిందులు, సిగ్నల్ తగ్గితే హార్మోన్ ఎక్కువున్నట్టు. రెండూ పక్కపక్కన చూస్తే అచ్చం హైపర్‌థైరాయిడ్, అంటే థైరాయిడ్ హార్మోన్ మితిమీరిన వాళ్ల రిపోర్టే. ఇదే పద్ధతి కిట్‌తో గ్రేవ్స్ వ్యాధి (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) యాంటీబాడీ చూసినా తప్పుడు పాజిటివ్ రావచ్చు. అలా లేని జబ్బుకు మందు మొదలవుతుంది.

బయోటిన్ కనీసం రెండు రోజులు ఆపి పరీక్ష చేయించుకోవాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ సూచన. మీ మోతాదుకు మూడు రోజులు ఆపండి, ఒక రోజు ఎక్కువైతే నష్టమేమీ లేదు. మల్టీవిటమిన్ వాడుతుంటే దాని లేబుల్ కూడా చూడండి. నాలుగో రోజు పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకోకముందే, అదే ల్యాబ్‌లో రక్తం ఇవ్వండి. మాత్ర పడ్డాక కొన్ని గంటలు ఫ్రీ టీ4 సహజంగానే పెరుగుతుంది, అది ఇంకో గందరగోళం. అప్పుడూ టీఎస్‌హెచ్ 0.05 దగ్గరే ఉంటే మోతాదు నిజంగానే ఎక్కువైందని అర్థం. ఇప్పటికే 25కి తగ్గించేసుంటే, మందు సగానికి తరగడానికే ఏడు రోజులు పడుతుంది కనుక, దాని అసలు ఫలితం ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా టీఎస్‌హెచ్‌లో పూర్తిగా కనిపించదు.

కొన్ని జుట్టు మాత్రల్లో ఐరన్, కాల్షియం కూడా ఉంటాయి. అవి థైరాయిడ్ మందును పేగులోనే పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. అంటే ఒకే సీసా టీఎస్‌హెచ్‌ను నిజంగా పెంచుతూ, రిపోర్టులో మాత్రం తక్కువ చూపించగలదు. రెంటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఇంట్లో ఎవరు బయోటిన్ వాడుతున్నా ఛాతీనొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే ముందు ఆ మాట చెప్పండి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా కొన్ని కిట్లలో ఇలాగే తక్కువ చూపిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక జారీ చేసింది ఒక మరణం తర్వాతే.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. టీఎస్‌హెచ్ 6.8, ఫ్రీ టీ4 మామూలే. కాస్త నీరసం తప్ప ఏమీ లేదు. మాత్ర మొదలుపెట్టాలా?
– పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తొందర లేదు. వయసుతోపాటు టీఎస్‌హెచ్ కొంత పెరగడం మామూలే. ల్యాబ్ ముద్రించే హద్దు మాత్రం చాలాచోట్ల అన్ని వయసులకూ ఒకటే. సరిగ్గా ఇలాంటివాళ్ల మీదే ట్రస్ట్ అనే ప్రయోగం జరిగింది. 65 దాటిన 737 మందిలో కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి, ఏడాది తర్వాత నీరసంలో తేడా లేదు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చూపించండి. టీఎస్‌హెచ్ 10 దాటితే అప్పుడు మాట వేరు. నీరసానికి హిమోగ్లోబిన్, బి12 ముందు చూడండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతున్నారేమో కనుక్కోండి, అది బి12ను తగ్గిస్తుంది.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. హెచ్‌బీఏ1సీ 6.6 వచ్చిందని షుగరు జబ్బు అన్నారు. పరగడుపున 96, తిన్నాక 128. హిమోగ్లోబిన్ 8.1. ఏది నమ్మాలి?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ విషయంలో హెచ్‌బీఏ1సీని ప్రస్తుతానికి పక్కన పెట్టాల్సిందే. ఎర్రకణం బతికినంత కాలం, అంటే సుమారు 120 రోజులు, దానికి ఎంత చక్కెర అంటిందో ఆ పరీక్ష చెబుతుంది. మీ హిమోగ్లోబిన్ తక్కువకు కారణం ఐరన్ లోపమైతే, కొత్త కణాల తయారీ మందగించి పాతవి ఎక్కువగా మిగులుతాయి, అంకె పైకి జరుగుతుంది. ఐరన్ మొదలుపెట్టగానే కొత్త కణాలు గుంపుగా వచ్చి అదే అంకెను కిందికి లాగుతాయి. అందుకని హిమోగ్లోబిన్ కుదుటపడి మూడు నెలలు గడిచేదాకా ఆ పరీక్షకు డబ్బు తగలేయకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో లోపించినవాళ్లలో ఎర్రకణాలు త్వరగా చచ్చిపోతాయి కనుక అసలు షుగరు ఉన్నా హెచ్‌బీఏ1సీ తక్కువ చూపించవచ్చు.

మీకు తేల్చేది 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష. ముందు మూడు రోజులు అన్నం మానేయకుండా మామూలుగా తినండి. పిండిపదార్థం బాగా తగ్గించి వెళ్తే ఫలితం తప్పుగా ఎక్కువ వస్తుంది. రాత్రి నుంచి కనీసం ఎనిమిది గంటలు పరగడుపు. మొదటి రక్తం ఇచ్చాక 250 నుంచి 300 మి.లీ. నీళ్లలో కలిపిన గ్లూకోజ్‌ను ఐదు నిమిషాల్లో తాగి రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. వాంతి అయితే పరీక్ష రద్దు, ఇంకోరోజు రావాలి. పరగడుపున 126 లేదా రెండు గంటలకు 200, అంతకు మించి వస్తే మధుమేహం. రెండో అంకె 140–199 అయితే దాని ముందు దశ.

ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లేవాళ్లతో జాగ్రత్త. గొట్టంలో కణాలు బతికే ఉండి గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి, గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టం వాడినా మొదటి గంట, రెండు గంటలు ఆ తరుగుదల పూర్తిగా ఆగదు. బైకు సంచిలో మూడిళ్లు తిరిగొచ్చిన రక్తం 128 చూపిస్తే, తీసినప్పుడు అది 140 అయి ఉండవచ్చు. ఈ పరీక్షకు ల్యాబ్‌కే వెళ్లండి.

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు, 168 సెం.మీ. ఎత్తు, 46 కిలోలు. షుగరు 380 ఉన్నా మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ బాగా తగ్గితే కొవ్వు కరిగి వచ్చే పదార్థాలు) లేవు. ఇన్సులిన్ పెట్టారు. ఒకరు టైప్ 1 అంటారు, ఒకరు టైప్ 2 అంటారు. టైప్ 5 అని కొత్తగా ఏదో ఉందట కదా?
– పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: ఉంది, కానీ పూర్తిగా కొత్తది కాదు. పోషకాహార లోపంతో వచ్చే మధుమేహాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ఒక రకంగా గుర్తించి, ఆధారాలు చాలవని 1999లో తీసేసింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ మహాసభలో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని టైప్ 5గా మళ్లీ గుర్తించింది. ఇందుకు దారితీసిన ముఖ్యమైన పరిశోధన మీకు దగ్గర్లోని వేలూరు సీఎంసీలోనే, న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలతో కలిసి జరిగింది. 2022లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఇలా సన్నగా ఉన్న రోగులకు ఇన్సులిన్ తయారీ బాగా తక్కువ ఉందనీ, ఉన్న ఇన్సులిన్ మాత్రం టైప్ 2 వాళ్లకన్నా బాగా పనిచేస్తోందనీ తేలింది. అయితే అందులో చూసింది కొద్దిమందినే, అందరూ మగవాళ్లే. ఏ అంకె దాటితే టైప్ 5 అనే అంగీకృత కొలత ఇంకా లేదు.

కాబట్టి మిగతావి ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రావాలి. జీఏడీ వంటి, సొంత ఒళ్లే క్లోమం (ఇన్సులిన్ తయారుచేసే అవయవం) మీదికి దాడి చేస్తోందని చూపే యాంటీబాడీలు పాజిటివ్ అయితే టైప్ 1. ఒళ్లు ఎంత ఇన్సులిన్ తయారుచేస్తోందో చెప్పే సీ-పెప్టైడ్ చూసేటప్పుడు అదే సమయంలో గ్లూకోజ్ కూడా చూడాలి. షుగరు 380లో ఉండగా చూస్తే క్లోమం అలిసిపోయి తప్పుగా తక్కువ రావచ్చు, అదుపులోకి వచ్చిన కొన్ని వారాలకు మళ్లీ చూడాలి. పొట్ట ఎక్స్‌రేలో, స్కాన్‌లో క్లోమంలో రాళ్లు కనిపిస్తే అది ఇంకో రకం. ఇవి తేలేవరకు ఇన్సులిన్ ఆపొద్దు. మోతాదు మాత్రం ఆచితూచి పెంచాలి, ఇన్సులిన్ బాగా పనిచేసే ఒంటికి కాస్త ఎక్కువైనా షుగరు పడిపోతుంది. సన్నగా ఉన్నవాడికి కడుపు మాడ్చే డైట్ చార్టు ఇచ్చారంటే అది ఎవరికో రాసింది. గుడ్డు, పప్పు, పాలు పెంచి బరువు పెరిగేలా చూడాలి.

ప్రశ్న: వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్‌తో 11 కిలోలు తగ్గాను. ఇక ఆపేయవచ్చా? ఒక వారం మరిచిపోతే ఏం చేయాలి?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆపితే బరువు తిరిగొస్తుందనే లెక్కతోనే నిర్ణయం తీసుకోండి. ఈ మందు మీద జరిగిన స్టెప్ 1 ప్రయోగంలో 68 వారాలకు సగటున 14.9 శాతం తగ్గారు. మందు ఆపాక వాళ్లలో కొందరిని ఇంకో ఏడాది గమనిస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు వెనక్కి వచ్చింది. తగ్గినదంతా కొవ్వూ కాదు. ఆ ప్రయోగంలోనే స్కాన్ చేసినవాళ్లలో సుమారు 40 శాతం కొవ్వు కాని బరువు. కాబట్టి మందు వాడినన్నాళ్లూ వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం, ప్రతి పూటా ప్రొటీన్ ఉండాలి. ఆకలి చచ్చిపోయి రెండు ఇడ్లీలతో పొద్దు గడిపితే పోయేది కండే. గ్లిమిపిరైడ్ వంటి షుగరు తగ్గించే మాత్ర కూడా ఉంటే దాని మోతాదు డాక్టరు తగ్గించారో లేదో అడగండి, రెండూ కలిస్తే షుగరు పడిపోతుంది.

మరిచిపోయిన డోసు ఐదు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోండి. దాటితే వదిలేసి మామూలు రోజునే వేసుకోండి. రెండూ కలిపి వేయొద్దు. వరుసగా కొన్ని వారాలు తప్పిపోతే పాత మోతాదుకే నేరుగా వెళ్లకుండా డాక్టరును అడగండి, చిన్న డోసు నుంచి మళ్లీ ఎక్కకపోతే వాంతులు రావచ్చు. ఏదైనా ఆపరేషన్ ఉంటే ఈ ఇంజెక్షన్ వాడుతున్నట్టు మత్తుమందు డాక్టరుకు ముందే చెప్పండి, పొట్ట ఖాళీ కావడం ఆలస్యమవుతుంది.