మాట స్పష్టంగానే ఉంటే స్పీచ్ థెరపీ ఎందుకు?

ప్రశ్న: బండి మీద నుంచి పడి మా తమ్ముడి తలకు గట్టి దెబ్బ తగిలింది. మాట బాగానే ఉంది. అయినా స్పీచ్ థెరపీకి వెళ్లమన్నారు. ఎందుకు?

మాట్లాడటం ఒక్క నాలుకతో అయ్యే పని కాదు. ఎదుటివారు చెప్పింది మనసులో నిలుపుకోవాలి, ఏది ముందు ఏది వెనక అని పేర్చుకోవాలి. తల దెబ్బల్లో తరచూ నలిగే మెదడు ముందు భాగానికి ఈ పనుల్లో పెద్ద పాత్ర ఉంది. అందుకే పదాలు చక్కగా పలికే మనిషే పొయ్యి మీద పాలు పెట్టి, ఫోను మోగగానే ఆ సంగతి మరిచిపోతాడు. స్పీచ్ థెరపీలో ఇలాంటి వాటికీ సాధన చేయిస్తారు.

జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిని ఉంటే ‘గుర్తుచేసుకో చూద్దాం’ అని పరీక్ష పెట్టకండి. ఊహించి చెప్పిన తప్పు జవాబే బుర్రలో స్థిరపడవచ్చు. థెరపిస్టు సరైన జవాబు ముందే చెప్పి, అర నిమిషానికి, నిమిషానికి, రెండు నిమిషాలకు మళ్లీ అడుగుతారు. ‘ఈ రోజు పనులు ఎక్కడ చూస్తావు?’ ‘డైరీలో.’ తడబడితే వెంటనే జవాబు అందించి, వ్యవధి తగ్గిస్తారు.

జ్ఞాపకశక్తి పెంచుతామనే పజిల్ యాప్‌ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ నేర్పు ఎక్కువగా పజిల్ దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో అతను తడబడే రెండు మూడు పనులు రాసుకుని థెరపిస్టుకు చూపించండి.