హార్డ్‌డిస్కు కూడా ఆ బీరువాలోనేనా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్‌లో మందుల హోల్‌సేల్ వ్యాపారం. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు షాపులోకి వచ్చినప్పుడు కంప్యూటరు, దాని పక్క బీరువాలోని బ్యాకప్ హార్డ్‌డిస్కు రెండూ మునిగాయి. ఎవరు మాకు ఎంత బాకీ ఉన్నారో తేల్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు లెక్కలన్నీ క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో దూరాన ఉన్న సర్వరులో పెట్టాం, ఇక భయం లేదంటున్నాడు మా అబ్బాయి. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సగం నిజం. మిగతా సగం నాకు 2014 అక్టోబరు 12న తెలిసివచ్చింది. ఆ ఆదివారం హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నేను విశాఖలో ఒక కార్యాలయపు కంప్యూటర్ల విభాగం చూసేవాణ్ణి. మా లెక్కలన్నీ హైదరాబాదు సర్వరులో భద్రంగా ఉన్నాయి. ఉండి ఏం లాభం? కరెంటు లేదు, ఫోన్లు పలకవు. జనరేటరు సెల్లార్‌లో ఉంది, సెల్లార్ నీళ్లలో ఉంది. ఆ వారం మమ్మల్ని నడిపించింది అకౌంటెంటు సొరుగులో దొరికిన కాగితాల కట్ట. అప్పటిదాకా ఆ కట్ట కోసం ఆయన్ని వేళాకోళం చేసేవాళ్లం.

కాబట్టి రోజూ షాపు మూసేముందు బాకీల జాబితా ప్రింటు తీసి ఇంటికి తీసుకెళ్లండి. సరుకుకు బీమా ఉంటుంది, పోయిన ఖాతాకు మామూలుగా ఉండదు. వారానికోసారి ఒక హార్డ్‌డిస్కులోకి కాపీ తీసి ఊరు దాటించండి. గుంటూరులో బంధువులుంటే మరీ మంచిది. కాపీ అయ్యాక డిస్కును కంప్యూటరుకు తగిలించి ఉంచకండి, వైరస్ పడితే రెండూ పోతాయి.

ఇది చిన్న వ్యాపారుల చాదస్తం అనుకోకండి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగులు దాచుకున్న 858 టెరాబైట్ల ఫైళ్లు కాలిపోయాయి. అంత పెద్ద నిల్వకు కాపీ తీయడం కష్టమని బయట ఎక్కడా ఉంచలేదట!

ఇక ఏ పని ఎంతసేపు ఆగగలదో మీరే తేల్చుకోవాలి. బిల్లులు రెండు రోజులు చేతిపుస్తకంలో రాసుకోవచ్చు. ఇన్సులిన్ ఆగదు, దానికి 2 నుంచి 8 డిగ్రీల చలి కావాలి. వరద హెచ్చరిక రాగానే ఆ పెట్టెలు ఎవరి ఫ్రిజ్‌కు వెళ్లాలో, ఏ బండిలో వెళ్లాలో మెరకన ఉన్న మరో వ్యాపారితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. డబ్బు ఖర్చు పెట్టదలిస్తే మొదట ఇక్కడ పెట్టండి, కొత్త కంప్యూటరు తర్వాత.

మూడు నెలలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటరులో తెరిచి, చివరి బిల్లు నంబరు సరిపోయిందో లేదో చూడండి. కాపీ తీసేవాళ్లు చాలామంది, తెరిచి చూసేవాళ్లు తక్కువ. అన్నట్టు, ఆ క్లౌడ్‌లోకి వెళ్లేటప్పుడు ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోంది? మీ అబ్బాయి ఒక్కడి ఫోనుకే అయితే, మీ నంబరు కూడా ఈరోజే చేర్పించండి.